మీ తరఫు సాక్షిగా రాలేనక్కా

హాస్పిటల్ క్వార్టర్స్,
ఆగస్టు 21, గురువారం.

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? డాక్టరు ఇచ్చిన పట్టీ వేసుకుంటున్నావా, లేక బిగుతుగా ఉందని బీరువాలో పడేశావా? బావ బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో ఆయన మాట మీద వదిలేయకు, మాత్రల షీటు తీసి చూడు. వేసుకున్నానని కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పేయగలడు ఆయన.

నేను బాగానే ఉన్నాను. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. ప్లంబరు రేపు వస్తానన్నాడు, ఆ రేపు ఎప్పుడొస్తుందో చూడాలి. ఎదురింటి ల్యాబ్ టెక్నీషియన్ పిల్లి నా బాల్కనీలో, నువ్విచ్చిన పాత దుప్పటి మీదే పిల్లల్ని పెట్టింది. దాన్ని కదిలించడానికి మనసు రాక బట్టలన్నీ గదిలోనే ఆరేసుకుంటున్నాను. ఇల్లంతా తడి వాసన.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. అసలు సంగతి దగ్గరికి రావడానికి భయమేసి చుట్టూ తిరుగుతున్నాను. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు. ఎత్తిన ఆ ఒక్కసారి కూడా, కోర్టుకు వస్తానంటేనే మాట్లాడు, లేకపోతే నాకు చెల్లెలే లేదనుకుంటాను అని పెట్టేశావు. నా మాట పూర్తిగా విననే లేదు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేసినా మళ్ళీ తీసి చదువుకోవచ్చు. అందుకని రాస్తున్నాను. కోపంగా ఉంటే చింపెయ్, కాని చదివాక చింపు.

ముందే ఒక మాట. ఆ అమ్మాయి ఎలా ఉందో, ఎవరితో వచ్చిందో, డాక్టరమ్మతో ఏమేం చెప్పుకుందో నేను రాయను. రాయకూడదు, నాకు రాయాలనీ లేదు. నా సంగతి మాత్రం రాస్తాను. మిగతాది మీ లాయరు దగ్గరున్న రిపోర్టులో ఎలాగూ ఉంది.

మా ఆస్పత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే దాటాక ఒక గది ఉంది. నువ్వెప్పుడూ చూసి ఉండవు, దానికి బోర్డు లేదు. లోపలికి వెళ్ళేవాళ్ళను చూసి బయటివాళ్ళు ఇదన్నమాట సంగతి అనుకోకూడదని కావాలనే పెట్టలేదు. రెండు కుర్చీలు, ఒక మంచం, తెర, దీపం, పక్కనే చిన్న బాత్రూము. ఒక బీరువా నిండా కొత్త బట్టలు, అన్ని సైజులవీ ఉంటాయి. ఒంటి మీద ఉన్నవి సాక్ష్యంగా తీసుకుంటాం కదా, ఇంటికి వేరేవి కట్టుకుని వెళ్ళాలి. ఒకప్పుడు ఆస్పత్రి గౌనుతోనే పంపించేవాళ్ళు. ఆ గదికి ఇన్‌చార్జి సిస్టరును నేనే అని నీకు తెలుసు. చుట్టాలు అడిగితే మా చెల్లిది పిల్లల వార్డు అని చెబుతావు. నేనూ ఏమీ అనుకోలేదు.

వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెడతాం. మంచినీళ్ళు ఇవ్వాలని చెయ్యి పీకుతుంది, కాని నోట్లోంచి నమూనా తీయాల్సి ఉంటుందేమో అడిగాకే ఇస్తాం. పోలీసులు తలుపు అవతలే ఉంటారు. ఏం చెయ్యబోతున్నామో, ఎందుకో ఒక్కొక్కటే చెబుతాం. ఏదైనా వద్దంటే ఆపేస్తాం, పరీక్షలన్నీ వద్దన్నా మందులు మాత్రం ఇస్తాం. గర్భం రాకుండా, జబ్బులు అంటకుండా ముందు ఆ పని చూస్తాం. తర్వాతే కాగితం పరిచి దాని మీద నిలబెట్టి బట్టలు విప్పించడం, దూది పుల్లలతో నమూనాలు తీయడం, వాటిని ఆరబెట్టి కవర్లలో పెట్టి సీలు వెయ్యడం. తడిగా పెడితే పాడైపోతాయి. నాకు ఈ పని రోజూ ఇల్లు ఊడ్చుకున్నంత అలవాటు. అలవాటని తేలికైంది అనుకోకు.

ఆ రోజు పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆ అమ్మాయి వచ్చింది. డాక్టరమ్మ నెమ్మదిగా అడుగుతోంది. నేను కుడిచేత్తో కవర్ల మీద నంబర్లు రాస్తున్నాను. నా ఎడమచెయ్యి ఆ అమ్మాయి పట్టుకుంది. వచ్చినవాళ్ళలో కొందరు అలా పట్టుకుంటారు, పట్టుకుంటే నేను ఒంటి చేత్తోనే పని చేసుకుంటాను. ఎక్కడ పనిచేస్తావమ్మా అంటే గోడౌను పేరు చెప్పింది. అయ్యో, మన బుడ్డోడు పనిచేసేదీ అక్కడే కదా, వాడికి ఈ పిల్ల తెలిసే ఉంటుంది, ఈ సంగతి వాడి దగ్గర ఎత్తకూడదు సుమా అనుకున్నాను. చూశావా అక్కా, అంతవరకే వెళ్ళింది నా బుర్ర. తర్వాత, చేసింది మా సూపర్‌వైజరు అంది. అప్పుడు కూడా నేను నంబరు రాస్తూనే ఉన్నాను. తర్వాత పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

మన బావ ఇంటిపేరు ఎంతమందికి ఉంటుంది? అయినా ఇంకెవరైనా అయి ఉండొచ్చు కదా అని నాలో నేను వెతుక్కున్నాను. పెన్ను కవరు మీద ఆగిపోయి సిరా మచ్చ పెద్దదవుతోంది. డాక్టరమ్మా, నేను ఈ గదిలో ఉండకూడదు అన్నాను. ఆమె తలెత్తి చూసింది. అతను మా అక్క కొడుకు అన్నాను. ఆమెను పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు. కాని ఆ అమ్మాయి చేతిలో నా చెయ్యి ఉండగా, ఆ అమ్మాయి వినకుండా ఆ మాట ఎలా చెప్పను?

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. తర్వాత ఆ అమ్మాయితో, చూడమ్మా, ఈ సిస్టరు ఇప్పుడే ఈ సంగతి చెప్పింది, ఈమె వెళ్ళిపోతుంది, వేరే సిస్టరు వస్తుంది, నువ్వు చెప్పిందేదీ మళ్ళీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు అంది. ఆ అమ్మాయి నా మొహం చూసింది. నా చెయ్యి వదిలేసింది. విదిలించుకోలేదక్కా, విదిలించినా బాగుండేది. ఒక్కో వేలూ మెల్లగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. లోపల చెప్పుకున్నది రాయనన్నాను, కాని ఈ ఒక్కటీ నన్నే అడిగింది కాబట్టి రాస్తున్నాను. మీరు ఇప్పుడు వెళ్ళి అతనికి చెప్తారా అని అడిగింది. చెప్పను అన్నాను.

కాన్పుల వార్డు నుంచి మా సీనియరు సిస్టరు వచ్చి నా బదులు లోపలికి వెళ్ళింది. నేను దుప్పట్ల గదిలోకి వెళ్ళి, మడత పెట్టి ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్ళీ మడత పెట్టాను. ఆయా వచ్చి ఏంటి సిస్టరమ్మా, ఇవి పొద్దున్నే మడత పెట్టానుగా అంటే, సరిగ్గా పెట్టలేదని ఆమె మీద విసుక్కున్నాను. పాపం, ఆమె వెళ్ళిపోయింది.

అదే రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. మిక్సీ కాలిపోయింది, కొత్తది ఏ కంపెనీది కొనాలి అని అడిగావు. నేను మాట్లాడాను. మోటారు గురించి, గ్యారంటీ గురించి, జారు మూత గురించి. బుడ్డోడు ఇంకా రాలేదే, ఈ మధ్య పని ఎక్కువైంది వాడికి అన్నావు. ఊఁ అన్నాను. ఇప్పుడు నీ కోపమంతా దాని మీదే అని నాకు తెలుసు. కడుపులో అంత పెట్టుకుని నాతో మిక్సీ గురించి మాట్లాడావే, ఒక్క మాట చెప్పి ఉంటే వాణ్ణి పొద్దెక్కేలోపు ఎక్కడికైనా పంపించేసేవాళ్ళం కదే అని నువ్వు అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. నిజమే, పంపించేసేవాళ్ళు. అందుకే చెప్పలేదు. మర్నాడు పోలీసులు గోడౌనుకే వెళ్ళి వాణ్ణి తీసుకెళ్ళారు.

నేనేదో దేవతనని అనుకోకు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వస్తూ దారంతా ఆ అమ్మాయి తప్పు కోసమే వెతికాను. ఇన్నేళ్ళు ఆ గదిలో పనిచేసి, వచ్చిన ప్రతి తల్లికీ మీ పిల్లది తప్పు కాదమ్మా అని చెప్పిన నోరే నాది. వాడితో నవ్వుతూ మాట్లాడి ఉంటుంది, లేకపోతే వాడెందుకు అలా చేస్తాడు అనుకున్నాను. ఏదో గొడవ పడి కక్షతో చెప్పిందేమో అనుకున్నాను. సందు మలుపులో బట్టల షాపు అద్దంలో నా మొహం నాకే కనబడింది. యూనిఫాంలోనే ఉన్నాను. సిగ్గేసింది.

తర్వాత బావ వచ్చిన సంగతి. ఆయన నీకు ఏం చెప్పాడో నాకు తెలియదు, జరిగింది మాత్రం ఇది. క్యాంటీనులో భోజనం చేస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు రోజుల గడ్డం. ఆయన్ని గడ్డంతో నేనెప్పుడూ చూడలేదు. జేబులోంచి రిపోర్టు కాపీ తీశాడు, మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది, ఎన్నిసార్లు విప్పాడో. కళ్ళజోడు పెట్టుకుని, శరీరంపై తాజా గాయాలు లేవు అని చదివాడు. చదివి నావైపు చూశాడు, ఇంకేం కావాలి అన్నట్టు. ఆ కిందే ఇంకో వాక్యం ఉంది బావా అన్నాను. గాయాలు లేనంత మాత్రాన లైంగిక దాడి జరగలేదని చెప్పలేము అని ఉంటుంది. వేలు పెట్టి చూపించాను. అదంతా మీ డాక్టర్లు అందరికీ రాసే మాటేలే అన్నాడు.

మీ లాయరు ఇంకో సంగతి కూడా అడగమన్నాడట. ఆ మాట ఎలా అడగాలో తెలియక బావ టీ గ్లాసులోకి చూస్తూ మాట్లాడాడు. ఆ అమ్మాయికి ఇంతకుముందు అలవాటు ఉందో లేదో ఎందుకు రాయలేదు, పాత రిపోర్టుల్లో రాసేవాళ్ళట కదా అన్నాడు. రాసేవాళ్ళు బావా, వేళ్ళతో ఒక పరీక్ష చేసి రాసేవాళ్ళు, దానితో తేలేది ఏమీ లేదని తెలిశాక సుప్రీంకోర్టే దాన్ని ఆపేసింది, ఇప్పుడు ఎవరైనా చేస్తే వాళ్ళ మీదే చర్య తీసుకుంటారు అని చెప్పాను. ఆ అమ్మాయికి అంతకుముందు ఏం ఉందో, ఏం లేదో ఈ కేసుకు సంబంధం లేదని చట్టమే చెబుతోందన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. చట్టాలు రాసేవాళ్ళకు మగపిల్లలు ఉండరా అన్నాడు. 

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. మీ తరఫున నేను సాక్షిగా రావాలి. పరీక్ష జరిగినప్పుడు లోపల లేను కాబట్టి ఆ అమ్మాయి గురించి నేనేమీ చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న సిస్టరుగా ఒక్క ముక్క చెబితే చాలు. నిజంగా బలవంతం జరిగినవాళ్ళు గాయాలతో వస్తారు, నా అనుభవంలో నేను చూసింది అదే అని. అబద్ధం చెప్పమనట్లేదు, కొంతమంది అలా కూడా వస్తారు కదా, వాళ్ళ గురించే చెప్పు అన్నాడు. చాలా తెలివైన లాయర్నే పెట్టుకున్నారక్కా.

అలా కూడా వస్తారు, నిజమే. వాళ్ళు కొద్దిమంది. ఎక్కువమంది ఒంటి మీద గీత కూడా ఉండదు. ఒళ్ళు కొయ్యబారిపోతుంది. అరవాలని అనుకుంటారు, గొంతు పెగలదు. తోసెయ్యాలనుకుంటారు, చెయ్యి లేవదు. తర్వాత వాళ్ళను వాళ్ళే తిట్టుకుంటారు, ఎందుకు అరవలేదా అని. ఇంటికెళ్ళి స్నానం చేస్తారు, ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని చేస్తారు. అది చేసినందుకు కూడా మళ్ళీ తిట్లు తింటారు. నీకు నమ్మకం కలగాలంటే మన ఇంట్లో దొంగ పడ్డ రోజు గుర్తు తెచ్చుకో. వంటింటి గుమ్మంలో వాడు నిలబడి మెడలో గొలుసు తియ్యమన్నాడు. నువ్వు తీసి ఇచ్చావు. పక్క గదిలో బావ నిద్రపోతున్నాడు. ఒక్క కేక వెయ్యలేకపోయావు, చేతిలో కంచం కూడా కింద పడలేదు. మర్నాడు పోలీసులు వస్తే, ఎదురు తిరగలేదు కాబట్టి ఇష్టపడే ఇచ్చావమ్మా అని ఎవరైనా అన్నారా? ఒంటి మీద గాయం చూపించమన్నారా? ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు.

ఎదురు తిరగకపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఇప్పుడు చట్టంలోనే రాసి ఉంది. నేను మీ తరఫున ఆ బోను ఎక్కి ఆ ఒక్క ముక్కా చెబితే, అది ఈ అమ్మాయి ఒక్కదానితో ఆగదు. రేపు ఆ గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరి కేసులోనూ ఎవరో ఒకరు లేచి, ఇరవై ఏళ్ళు పనిచేసిన సిస్టరే చెప్పింది కదా అంటారు. నేను మళ్ళీ ఆ గదిలో ఎవరి చెయ్యి పట్టుకోను?

బావకు ఇదంతా చెప్పాను. ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీకు పిల్లలుంటే తెలిసేది అన్నాడు. అని, వెంటనే తల దించుకున్నాడు. ఆయన అలాంటి మాట అనే మనిషి కాదు. నా భోజనం డబ్బులు కూడా ఆయనే కట్టేసి వెళ్ళాడు, వద్దంటున్నా.

పిల్లలు లేకపోవడం ఏంటక్కా? వాడు పుట్టినప్పుడు నేను నర్సింగు రెండో ఏడు. నీకు జ్వరం తగిలి కళ్ళు తెరవకపోతే, తొలి స్నానం నేనే చేయించాను. అప్పటివరకూ బొమ్మకే స్నానం చేయించడం నేర్చుకున్నాను, జారిపోతాడేమోనని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. సైకిలు మీంచి పడితే కుట్లు వేయించింది నేను. ఆరడుగుల మనిషై, మీసాలు తిప్పుకుంటున్నా నాకు వాడు బుడ్డోడే. పోయినేడాది నా కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వచ్చి, గంట గంటకూ చుక్కల మందు వేసి, నాకు చేతకాకపోతే వంట చేసి పెట్టింది వాడే. వాడు రాక్షసుడని నేను రాయడం లేదు. వాడు నా ఒళ్ళో పెరిగినవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో నాకు తెలియడం లేదు. తెలియకే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

నీ బాధ నాకు తెలియదనుకోకు. కూరగాయల షాపులో నిన్ను చూసి ఇద్దరు మాట్లాడుకోవడం ఆపేశారని, నువ్వు సంచి అక్కడే వదిలేసి వచ్చేశావని బావ చెప్పాడు. అది విని నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మ పోయాక నాకు జడ వేసింది నువ్వు. నా ఫీజు కోసం నీ చదువు ఆపుకున్నదీ నువ్వే. ఇవన్నీ నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు, నాకు గుర్తున్నాయి. నువ్వు వేరే ఏది అడిగినా, ఎందుకు అని కూడా అడక్కుండా చేసేదాన్ని.

కాని మీ తరఫు సాక్షిగా నేను రాలేనక్కా. మీ లాయరుకు ఈ మాట చెప్పెయ్యమను. నువ్వు కోర్టుకు వెళ్ళిన రోజున బయట బెంచీ మీద నీ పక్కన కూర్చోమంటే కూర్చుంటాను. మాట్లాడొద్దంటే మాట్లాడను. నీ మోకాళ్ళకు ఆ మెట్లు ఎక్కడం కష్టం, చెయ్యి పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. వేళకు తిను.

ఎప్పటికీ నీ చెల్లెలు,
బుల్లి.

తా.క.: సంతకం పెట్టి, కవరు అంటించి, మళ్ళీ చింపాను. పైన రాసిందంతా నిజమే, కాని అసలు రాయాల్సింది రాయలేదు.

వాడు బెయిలు మీద వచ్చాక, పోయిన ఆదివారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. నీకు చెప్పలేదనుకుంటాను. అన్నం పెట్టాను, తిన్నాడు. కూర బాగుందని మళ్ళీ వేయించుకున్నాడు. నేనేమీ అడగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి సోఫాలో కూర్చుని వాడే మొదలుపెట్టాడు. పిన్నీ, నువ్వు నమ్ముతావు కదా, నేను దాన్ని కొట్టలేదు, తిట్టలేదు, బట్టలు కూడా చిరగలేదు అన్నాడు. మరి ఆ అమ్మాయి ఏమందిరా అని అడిగాను.

వద్దంది పిన్నీ, కాని గట్టిగా అనలేదు అన్నాడు.

ఎన్నిసార్లు అందిరా అంటే, నేనేమన్నా లెక్కపెట్టానా అన్నాడు. స్టోరు గది తలుపు ఎవరు వేశారు అంటే, నేనే, ఎవరైనా వస్తే బాగుండదు కదా అన్నాడు. నిజంగా ఇష్టం లేకపోతే అరిచేది కదా, అవతల అంతమంది ఉన్నారు అన్నాడు. వాడి గొంతులో దాపరికం ఏమీ లేదక్కా. నాతో నేరం ఒప్పుకుంటున్నానని వాడు అనుకోలేదు. తన తప్పేమీ లేదని నాకు నచ్చజెబుతున్నాను అనుకున్నాడు. వెళ్ళేటప్పుడు, కోర్టులో గాయాల సంగతి మాత్రం గట్టిగా చెప్పు పిన్నీ అని నా భుజం తట్టి వెళ్ళాడు.

సోమవారమంతా ఇంట్లోనే కూర్చున్నాను. మంగళవారం, కేసు చూస్తున్న పోలీసు అధికారిణి దగ్గరికి వెళ్ళి, వాడు అన్న మాటలు అన్నట్టుగా చెప్పాను. ఆమె రాసుకుంది. సంతకం పెట్టాను. ఈ సంగతి మా అక్కకు మీ కాగితాల ద్వారా కాకుండా నా ద్వారా తెలియాలి, చెప్పుకోవచ్చా అని అడిగాను. ఎలాగూ తెలిసేదే, మీ ఇష్టం అంది.

మీ తరఫున రాలేనని రాశాను. కోర్టుకు రానని రాయలేదు. అవతలి వైపు నుంచి పిలుస్తారు, వస్తాను. ఆ రోజు నీ పక్కన బెంచీ మీద నాకు చోటుండదని తెలిసే రాశాను ఆ ముక్క. ఏం చెయ్యను, రాయకుండా ఉండలేకపోయాను.

నా మాట నమ్మొద్దు. వాడు ఇంట్లోనే ఉన్నాడు కదా, నువ్వే పిలిచి అడుగు. ఏం చేశావురా అని అడక్కు. ఇప్పటికి అది అందరూ అడిగేశారు. ఆ అమ్మాయి ఏమందిరా అని అడుగు. నీకు అబద్ధం చెప్పడు.